అమెరికా ఇళ్ళు ఎగిరిపోయేది చెక్క వల్లా, మేకుల వల్లా?

ప్రతి ఏడాదీ ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతుంది. డ్రోన్‌తో తీసింది. అమెరికాలో ఏదో ఊరు, కాలనీకి కాలనీ నేలమట్టం. ఇళ్ళు ఉండాల్సిన చోట నున్నటి సిమెంటు పునాదులు, వాటి చుట్టూ అగ్గిపుల్లలు చల్లినట్టు చెక్కముక్కలు. దాని కింద ఎవరో ఒక బాబాయ్ రాస్తాడు: "కోట్లు పోసి అట్టపెట్టెలు కొనుక్కుంటారు వీళ్ళు. మా మేస్త్రిని పంపిస్తే శ్లాబు వేసి ఇస్తాడు." దానికి ముప్పై నవ్వు ఎమోజీలు.

నాకూ నవ్వొస్తుంది. కానీ ఈసారి ఆ వీడియో వచ్చినప్పుడు ఒక పని చెయ్యండి. ఆపి, జూమ్ చేసి, అంచుల దగ్గర చూడండి. ఒకే వీధి, ఒకే వరస, ఒకేలాంటి చెక్క ఇళ్ళు. ఒక ఇల్లు పునాది దాకా తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. దాని పక్కది పైకప్పు సగం పోయి నిలబడి ఉంటుంది. ఆ పక్కది పెంకులు లేచిపోయి, గోడలు మాత్రం బాగానే ఉంటాయి. కొంతవరకు ఇది గాలి సంగతే. టోర్నడోలో పది అడుగుల తేడాతో వేగం మారిపోతుంది. కానీ ఇంజనీర్లు వెళ్ళి ఆ శిథిలాలు తిరగేస్తే చాలాసార్లు దొరికే జవాబు గాలి కాదు. మేకులు. ఎన్ని కొట్టారు, ఎక్కడ కొట్టారు, అసలు కొట్టారా లేదా.

సో ఇవాళ ఎపిసోడ్ మేకుల గురించి. బోరింగ్ టాపిక్ అని స్కిప్ చెయ్యకండి. మీ అక్కో, అన్నో, ఫ్రెండో డాలస్‌లోనో, ఓక్లహోమాలోనో ఇల్లు కొనే పనిలో ఉంటే ఇది వాళ్ళకి పంపించాల్సిన ఎపిసోడ్.

ముందు అమెరికాలో మామూలు ఇల్లు ఎలా కడతారో చూద్దాం. నేల మీద కాంక్రీట్ పోస్తారు. దాని మీద అడ్డంగా ఒక చెక్క పరుస్తారు. ఆ చెక్క మీద 16 అంగుళాలకి ఒకటి చొప్పున నిలువు చెక్కలు. వీటిని టూ బై ఫోర్ అంటారు, పేరుకే రెండు బై నాలుగు, నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే. పైన మళ్ళీ అడ్డ చెక్క, దాని మీద పైకప్పు వాసాలు లేదా ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన ట్రస్సులు. వాటి మీద ఓఎస్‌బీ అనే చెక్కపొరల షీట్లు, ఆ పైన పెంకులు. గోడకి బయట షీట్లు, లోపల జిప్సమ్ బోర్డు. అంతే. టెక్సస్, ఓక్లహోమాల్లో బయటికి ఎర్ర ఇటుక కనిపిస్తుంది కదా, దాన్ని చూసి మనవాళ్ళు "మాది బ్రిక్ హౌస్" అంటారు. ఆ ఇటుక ఇంటిని మొయ్యదు. ఇంటికి వేసిన చొక్కా అది. సన్నటి రేకు ముక్కలతో లోపలి చెక్కకి తగిలించి ఉంటుంది, అంతే. పెద్ద గాలికి ఆ ఇటుక గోడ మొత్తం ఒక్క ముక్కగా పెరట్లోకి పడిపోయిన ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి.

ఇప్పుడు అసలు పాయింట్. ఇల్లు కట్టేటప్పుడు మన బుర్రలో ఉండే లెక్క ఏమిటి? బరువు కిందికి దిగాలి. శ్లాబు బరువు దూలం మీదికి, దూలం నుంచి పిల్లర్‌కి, పిల్లర్ నుంచి నేలలోకి. భూమి ఆకర్షణ ఎప్పుడూ మన పక్షానే ఉంటుంది. ఒక చెక్కని ఇంకో చెక్క మీద ఊరికే పెట్టినా అది అక్కడే ఉంటుంది.

గాలి దీనికి రివర్స్. ఏటవాలు పైకప్పు మీదుగా గాలి దూసుకెళ్తుంటే అది కప్పుని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. విమానం రెక్కకి జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అంటే ఇప్పుడు బలం కింద నుంచి పైకి పోతోంది. పెంకుల షీటుని వాసం పట్టుకోవాలి. వాసాన్ని గోడ పట్టుకోవాలి. గోడని కింది చెక్క పట్టుకోవాలి. ఆ చెక్కని కాంక్రీట్ పట్టుకోవాలి. ఇది ఒక గొలుసు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ తెలుసు: పది సర్వీసుల్లో తొమ్మిది బ్రహ్మాండంగా నడుస్తున్నా, పదోది పడుకుంటే యూజర్‌కి కనిపించేది తెల్ల స్క్రీనే. ఇక్కడా అంతే. చెక్క విరగదు. చెక్కకీ చెక్కకీ మధ్య ఉన్న జాయింట్ ఊడిపోతుంది.

పైనుంచి కిందికి ఒక్కో లింకు చూద్దాం. మొదటిది, షీటుని వాసానికి కొట్టే మేకు. ఇప్పుడు అంతా నెయిల్ గన్‌తో కొడతారు, టకటకా నిమిషానికి ఎన్నో. పైన నిలబడి కొట్టేవాడికి షీటు కింద వాసం ఎక్కడుందో కనిపించదు. అంచనా మీద కొడతాడు. ఒక అంగుళం అటు పోతే మేకు షీటులోంచి దిగి గాలిలో వేలాడుతుంది. అటక మీదికి ఎక్కి టార్చ్ వేస్తే ఆ మేకులు మెరుస్తూ కనిపిస్తాయి. 1992లో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాని కొట్టినప్పుడు ఎగిరిపోయిన కప్పుల్లో ఇలాంటివి బోలెడు బయటపడ్డాయి. ఆ దెబ్బతోనే అక్కడ నిబంధనలు బిగించి, 2002లో రాష్ట్రమంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ అమల్లోకి తెచ్చారు.

రెండోది, వాసానికీ గోడకీ మధ్య జాయింట్. పాత పద్ధతిలో వాసాన్ని గోడ మీద పెట్టి పక్కల నుంచి ఏటవాలుగా రెండు మూడు మేకులు దింపుతారు. కిందికి బరువు దిగినంతసేపు ఇది చాలు. పైకి లాగితే మాత్రం, పెన్సిల్ డబ్బాలోంచి పెన్సిల్ లాగినట్టు జారి వచ్చేస్తుంది. దీనికి మందు ఒక చిన్న ఇనప రేకు. హరికేన్ క్లిప్ అంటారు. వంచిన రేకు ముక్క, ఒక చివర వాసానికి, ఇంకో చివర గోడకి. దాని ధర ఒక డాలరుకి అటూఇటూ. మీరు తాగే కాఫీకి నాలుగు క్లిప్పులు వస్తాయి.

మూడోది అన్నిటికంటే కింద ఉన్నది, గోడ అడుగు చెక్కకీ కాంక్రీట్‌కీ మధ్యది. పద్ధతి ప్రకారం అయితే కాంక్రీట్ తడిగా ఉన్నప్పుడే అందులో అర అంగుళం మందం ఉన్న బోల్టులు దించాలి, కనీసం ఏడు అంగుళాల లోతుకి. ఆరడుగులకి మించి దూరం ఉండకూడదు. తరవాత చెక్కకి రంధ్రం చేసి ఆ బోల్టు మీద కూర్చోబెట్టి, వాషర్ వేసి, నట్టు బిగించాలి. ఇక షార్ట్‌కట్ ఏమిటంటే, చెక్కని కాంక్రీట్ మీద పెట్టి గన్‌తో మేకులు కొట్టెయ్యడం. ఆ మేకు కాంక్రీట్‌లోకి దిగేది అంగుళం, అంగుళంన్నర. బయటికి చూస్తే రెండు ఇళ్ళూ ఒకటే. అదే గ్రానైట్ కిచెన్, అదే బాత్‌టబ్, అదే రేటు.

వీటన్నిటికీ ముందు ఓడిపోయేది ఇంకోటి ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. గ్యారేజ్ తలుపు. రెండు కార్లు పట్టే గ్యారేజ్‌కి 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు ఉంటుంది. మనది మనమే లెక్క కడదాం. గాలి పీడనం వేగం వర్గంతో పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్సే, భయపడకండి. గంటకి 90 మైళ్ళ గాలి చదరపు మీటరుకి సుమారు 100 కిలోల బరువుతో నెడుతుంది. 135 మైళ్ళయితే సుమారు 228 కిలోలు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, బలం రెండుంపావు రెట్లు అయింది. ఆ గ్యారేజ్ తలుపు సుమారు పది చదరపు మీటర్లు. అంటే 135 మైళ్ళ దగ్గర దాని మీద పడేది రెండు టన్నుల పైమాటే. మూడు ఆల్టో కార్లని పలచటి రేకు తలుపుకి ఆనించినట్టు.

తలుపు లోపలికి వంగి పట్టాల్లోంచి ఊడిపోతుంది. ఇక గాలి ఇంట్లోకి దూరుతుంది. పైనుంచి కప్పుని లాగుతున్న గాలి ఒకటి, లోపలి నుంచి పైకి తోస్తున్న గాలి ఒకటి. వానలో ఎదురుగాలికి గొడుగు తిరగబడటం చూశారు కదా, అదే. కప్పు లేచిపోతుంది. కప్పు పోతే గోడలకి పైన పట్టు పోయినట్టే. అప్పుడు గోడలు ఒకదాని తరవాత ఒకటి పడతాయి. గోడ, కప్పు, బొమ్మల షెల్ఫ్, ఫ్రిజ్, అన్నీ గాలిలోకి లేచి పక్కింటి మీదికి వెళ్ళే సామగ్రి అవుతాయి. పక్క ఇల్లు గట్టిగానే కట్టి ఉండొచ్చు, కానీ ఇప్పుడు దాని మీదికి వచ్చేది గాలి ఒక్కటే కాదు.

ఒక పాత నమ్మకం కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. టోర్నడో వస్తుంటే కిటికీలు తెరవండి, లోపలా బయటా ప్రెషర్ సమానం అవుతుంది అని చెప్పేవాళ్ళు. పూర్తిగా తప్పు. ఇల్లు పీడనం తేడాతో పేలిపోదు. కిటికీ తెరిస్తే గాలికి మీరే దారి ఇచ్చినట్టు. తలుపులు, కిటికీలు మూసి, లోపలి గదిలోకి పోవాలి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన, కొంచెం తలకిందులుగా ఉండే విషయం. టోర్నడోలకి ఈఎఫ్0 నుంచి ఈఎఫ్5 దాకా రేటింగ్ ఇస్తారు. వార్తల్లో "ఈఎఫ్5, గంటకి 200 మైళ్ళు" అని చదివి, ఎవరో మీటర్ పెట్టి కొలిచారు అనుకుంటాం. కొలవరు. 1971లో టెడ్ ఫుజిటా అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి ఇది, 2007లో మార్చి ఇప్పటి రూపానికి తెచ్చారు. టోర్నడో వెళ్ళిపోయాక టీములు వచ్చి ఏం విరిగిందో చూస్తాయి. ఇల్లు, స్కూలు, చెట్టు, కరెంటు స్తంభం, ఇలా 28 రకాల గుర్తులు ఉన్నాయి. దేనికి ఎంత దెబ్బ తగిలితే గాలి ఎంత ఉండొచ్చు అని వెనక్కి లెక్క కడతారు. మామూలు ఇంటికి పది మెట్లు ఉన్నాయి. పదో మెట్టు: ఇల్లు మొత్తం తుడిచిపెట్టుకుపోయి పునాది మిగలడం. అలా పోతే మామూలుగా గంటకి 200 మైళ్ళు అని అంచనా. కానీ ఇల్లు నాసిరకంగా కట్టి ఉంటే ఆ సంఖ్యని 165 దాకా తగ్గించొచ్చు.

అంటే సర్వే టీము ఖాళీ పునాది ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూసేది ఆకాశం కాదు, బోల్టు. 2014 ఏప్రిల్‌లో ఆర్కన్సాలో విలోనియా అనే ఊరిని టోర్నడో తాకింది. ఒక కాలనీలో ఇళ్ళు పునాదుల దాకా పోయాయి. చూస్తే ఈఎఫ్5 అనిపిస్తుంది. కానీ అక్కడ బోల్టులు ఉన్న చోట కూడా నట్లూ వాషర్లూ లేవని తేలింది. రేటింగ్ ఈఎఫ్4 దగ్గర ఆగిపోయింది. దాని మీద వాతావరణ శాస్త్రం ఫాలో అయ్యేవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఇంకో చిత్రం, 2013 మే 31న ఓక్లహోమాలో ఎల్ రీనో దగ్గర రెండున్నర మైళ్ళకి పైగా వెడల్పు ఉన్న టోర్నడో వచ్చింది. రికార్డుల్లో అంత వెడల్పుది ఇంకోటి లేదు. మొబైల్ రాడార్లు దాదాపు 300 మైళ్ళ గాలిని పట్టుకున్నాయి. అయినా దాని రేటింగ్ ఈఎఫ్3. ఎందుకంటే అది ఎక్కువగా పొలాల మీద తిరిగింది, విరగ్గొట్టడానికి సరిపడా ఇళ్ళు దొరకలేదు. 2013 నుంచి 2025లో నార్త్ డకోటా టోర్నడో దాకా ఒక్క ఈఎఫ్5 కూడా నమోదు కాకపోవడానికి గాలులు నెమ్మదించడమే కారణమా, ఇళ్ళు అంత గాలిని రుజువు చేసేలా లేకపోవడమా అని చర్చ జరిగింది. నా అడిగితే రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక మూర్ సంగతి. ఓక్లహోమా సిటీకి ఆనుకుని ఉన్న ఊరు, జనాభా అరవై వేల పైచిలుకు. 1999 మే 3న మొదటి పెద్ద దెబ్బ. ఆ రోజు రాడార్ ట్రక్కు కొలిచిన గాలి గంటకి సుమారు 300 మైళ్ళు, అంటే 480 కిలోమీటర్లు. 36 మంది చనిపోయారు. తరవాత 2003, 2010, మళ్ళీ 2013. అదే ఊరు, దాదాపు అవే వీధులు. 2013 మే 20 మధ్యాహ్నం, ఇంకా స్కూళ్ళు వదలలేదు. ఆ టోర్నడోలో 24 మంది చనిపోయారు. వాళ్ళలో ఏడుగురు ప్లాజా టవర్స్ ఎలిమెంటరీ స్కూల్ పిల్లలు. స్కూల్లో టోర్నడో షెల్టర్ లేదు. టీచర్లు చెప్పినట్టే తల కిందికి పెట్టి, గోడ పక్కన ముడుచుకుని కూర్చున్నారు. ఆ గోడే పడింది.

వెయ్యికి పైగా ఇళ్ళు పోయాయి. ఓక్లహోమా యూనివర్సిటీలో క్రిస్ రామ్‌సేయర్ అనే స్ట్రక్చరల్ ఇంజనీర్, ఇంకొంతమంది ఆ వీధులన్నీ తిరిగి ఏ జాయింట్ ముందు ఊడిందో చూశారు. ఏం దొరికి ఉంటుందో మీరు ఇప్పటికే చెప్పగలరు. గ్యారేజ్ తలుపులు, ఏటవాలు మేకులు, షీటుకీ గోడకీ మధ్య ఖాళీలు.

2014 మార్చిలో మూర్ కౌన్సిల్ ఒక పని చేసింది. కొత్తగా కట్టే ప్రతి ఇల్లూ గంటకి 135 మైళ్ళ గాలిని తట్టుకోవాలి అని కోడ్ మార్చింది. అప్పటిదాకా ఉన్నది 90. టోర్నడోని మనసులో పెట్టుకుని ఇళ్ళ నిబంధనలు మార్చిన మొదటి అమెరికన్ నగరం ఇదే అంటారు. అందులో ఏముందో చూస్తే రాకెట్ సైన్స్ లేదు. వాసాలు 24 అంగుళాలకి కాకుండా 16 అంగుళాలకి ఒకటి ఉండాలి. షీటు అంచుల్లో ప్రతి 4 అంగుళాలకీ, మధ్యలో ప్రతి 6 అంగుళాలకీ మేకు పడాలి, అదీ నున్నటి మేకు కాదు, ఒంటి మీద వలయాలున్న మేకు, లాగితే జారదు. ప్రతి వాసానికీ క్లిప్. గోడ షీటు కింది చెక్క మీది దాకా వచ్చి దానికీ మేకు పడాలి. గ్యారేజ్ తలుపు 135 మైళ్ళకి టెస్ట్ చేసినది అయ్యుండాలి. దాదాపు ఇంతే.

బిల్డర్లు ఒప్పుకుంటారా? ఖర్చు పెరుగుతుంది, జనం పక్క ఊళ్ళో కొనుక్కుంటారు అన్నారు. నగరం లెక్క ప్రకారం అదనపు ఖర్చు చదరపు అడుగుకి సుమారు ఒక డాలరు. రెండు వేల చదరపు అడుగుల ఇంటికి రెండు వేల డాలర్లు. ఆ ఇంట్లో కౌంటర్ రాయి అప్‌గ్రేడ్‌కే అంతకంటే ఎక్కువ అవుతుంది. తరవాత కెవిన్ సిమన్స్ అనే ఎకనామిస్ట్, ఇంకో సహచరుడు కలిసి మూర్ ఇళ్ళ అమ్మకాలు తీసి చూశారు. కోడ్ వచ్చాక ఇళ్ళ ధరలు గానీ, అమ్మకాల సంఖ్య గానీ దెబ్బతినలేదు. రాష్ట్రమంతా ఇదే కోడ్ పెడితే పెట్టిన ప్రతి డాలరుకీ మూడు డాలర్ల పైన నష్టం తప్పుతుందని అంతకుముందు ఇంకో అధ్యయనంలో లెక్కగట్టారు.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. టోర్నడో గాలి 200 మైళ్ళు ఉంటే 135కి కట్టి ఏం లాభం? లాభం ఉంది. టోర్నడోల్లో నూటికి తొంభైకి పైగా ఈఎఫ్2 లేదా అంతకంటే చిన్నవి, అంటే 135 మైళ్ళ లోపువి. పెద్ద టోర్నడోలో కూడా 200 మైళ్ళ గాలి ఉండేది మధ్యలో సన్నటి గీతలో. ఆ గీతకి రెండు వైపులా ఉన్న వందల ఇళ్ళకి తగిలేది 100, 120. ఆ గీతలో ఉన్న ఇంటికి ఏ మేకూ సాయం చెయ్యదు. మిగతా వందల ఇళ్ళకి చేస్తుంది. పైగా ఆ గట్టిగా ఉన్న ఇల్లు ముక్కలై పక్కింటి మీద పడదు.

మరి దేశమంతా ఎందుకు చెయ్యరు? బిల్డర్ల సంఘాల ఒత్తిడి ఒకటి, అది దాచాల్సిన పని లేదు. కానీ ఇంకో నిజాయితీ గల కారణం కూడా ఉంది. ఫలానా ఇంటిని ఫలానా సంవత్సరంలో టోర్నడో తాకే అవకాశం చాలా చాలా తక్కువ. అందుకే అమెరికన్ ఇంజనీర్లు వాడే ముఖ్య ప్రమాణ గ్రంథం, ఏఎస్‌సీఈ 7, అందులో టోర్నడో లెక్కలు మొదటిసారి వచ్చింది 2022 ఎడిషన్‌లో. అదీ స్కూళ్ళు, ఆసుపత్రులు, ఫైర్ స్టేషన్ల లాంటి భవనాలకే. మామూలు ఇళ్ళు అందులో లేవు. లక్ష ఇళ్ళ సగటు చూసే వాళ్ళకి ఈ లెక్క సరిపోతుంది. ఒక్క ఇల్లే ఉన్నవాడికి సగటుతో పనేముంది?

ఇప్పుడు బాబాయ్ ప్రశ్నకి వద్దాం. శ్లాబు వేస్తే సరిపోదా? సగం కరెక్ట్. ఐదు అంగుళాల ఆర్‌సీసీ శ్లాబు చదరపు మీటరుకి మూడు వందల కిలోల పైన తూగుతుంది. దాన్ని 135 మైళ్ళ గాలి లేపడం కష్టం. మన శ్లాబు ఇల్లు గాలికి గెలిచేది మేస్త్రి గొప్పతనం వల్ల కాదు, బరువు వల్ల. అమెరికాలోనూ కాంక్రీట్ ఇళ్ళు కట్టేవాళ్ళున్నారు, అవి బాగానే నిలబడతాయి. కానీ కాంక్రీట్ అన్న మాటే రక్షణ కాదు. 2011 మే 22న మిసోరీలోని జాప్లిన్‌లో 158 మంది టోర్నడోకి బలయ్యారు. అక్కడ ఒక పెద్ద హార్డ్‌వేర్ స్టోర్ గోడలు కాంక్రీట్ పలకలు. పైకప్పు తేలిగ్గా, రేకుతో ఉంది. కప్పు లేచిపోగానే ఆ పలకలకి పైన పట్టు లేక బల్లల్లా పడిపోయాయి, లోపల మనుషులు చనిపోయారు. అదే ఊళ్ళో బహుళ అంతస్తుల ఆసుపత్రి అస్థిపంజరం నిటారుగా నిలబడింది. కానీ కిటికీలు అన్నీ పోయాయి, జనరేటర్లు ఆగిపోయాయి, రోగులు చనిపోయారు. తరవాత ఆ భవనాన్ని కూల్చేశారు.

మన దగ్గర కూడా చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖలోకి వచ్చింది, గాలి గంటకి 180 కిలోమీటర్ల దరిదాపుల్లో. మన కోడ్ ఐఎస్ 875లో విశాఖకి రాసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే సరిగ్గా గంటకి 180. శ్లాబులు నిలబడ్డాయి. కానీ మేడ మీది రేకుల గదులు, నీళ్ళ ట్యాంకులు, హోర్డింగులు, అద్దాలు? రేకు షెడ్డు వేసేటప్పుడు హుక్ బోల్టులు ఎన్ని వేశారో లెక్కపెట్టిన ఓనర్ ఎంతమంది? రేకు మీద రాళ్ళు పెట్టడం మన హరికేన్ క్లిప్. ఆ రాయి గాలికి లేస్తే ఎక్కడ పడుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకా దగ్గరి పోలిక ఒకటి. నట్టు లేని బోల్టు మన పిల్లర్‌లో ఉంటుంది. రాడ్ల చుట్టూ కట్టే రింగులు ఉంటాయి కదా, వాటి కొనలని 135 డిగ్రీలు లోపలికి వంచాలి అని భూకంప కోడ్ చెబుతుంది. మన సైట్లలో చాలాచోట్ల 90 డిగ్రీలు వంచి వదిలేస్తారు. వంచడం తేలిక, టైమ్ కలిసొస్తుంది. కాంక్రీట్ పోశాక ఎవడికీ కనపడదు. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో ఎంతో దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటి పిల్లర్లలో ఇంజనీర్లకి కనిపించిన లోపాల్లో ఈ రింగులు ఒకటి. అక్కడ జిప్సమ్ బోర్డు వెనక దాక్కునేది ఇక్కడ ప్లాస్టరింగ్ వెనక దాక్కుంటుంది.

మా పెద్దమ్మ కొడుకు డాలస్ ఉత్తరాన ఒక కొత్త కాలనీలో ఇల్లు బుక్ చేశాడు. బిల్డర్ పేరు అనవసరం. ఫ్రేమ్ నిలబెట్టి, ఇంకా బోర్డులు కొట్టని టైమ్‌లో నాకు వీడియో కాల్ చేశాడు, "ఏరా, నువ్వు మేకులూ మేకులూ అంటుంటావుగా, చూసి చెప్పు" అని. నేను "అన్నా, ఫోన్ కింద పెట్టు, గోడ అడుగు చూపించు" అన్నాను. హాల్లో అంతా బాగుంది. గ్యారేజ్ పక్క గోడ దగ్గరికి వచ్చేసరికి వరసగా మూడు బోల్టులు, మూడింటికీ నట్లు లేవు. చెక్క బోల్టు మీద ఊరికే కూర్చుని ఉంది. వాడు ఫొటోలు తీసి సూపర్‌వైజర్‌కి మెయిల్ పెట్టాడు. ఒక నట్టుకి పది సెకన్లు, మొత్తం అర నిమిషం పని. రెండు రోజుల్లో బిగించారు. వారం తరవాత అయితే ఆ గోడకి బోర్డు, పెయింటు పడిపోయేవి, ముప్పై ఏళ్ళ లోను కట్టేవాడికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

కాబట్టి కొత్త ఇల్లు కొంటుంటే, బోర్డులు కొట్టకముందు ఒకసారి మీ సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి. ప్రీ డ్రైవాల్ ఇన్‌స్పెక్షన్ అంటారు, కొన్ని వందల డాలర్ల పని. బిల్డర్ పంపే మనిషి, సిటీ పంపే మనిషి వేరు, మీ మనిషి వేరు. నగరం హద్దు దాటిన కాలనీల్లో అయితే ఇది ఇంకా ముఖ్యం, అక్కడ తనిఖీలు పలచబడతాయి. పాత ఇల్లయితే అటక ఎక్కి వాసాల మొదళ్ళ దగ్గర క్లిప్పులు ఉన్నాయో లేదో చూడండి, తరవాత కూడా వేయించుకోవచ్చు. గ్యారేజ్ తలుపు లోపలి వైపు గాలి రేటింగ్ లేబుల్ కోసం వెతకండి. లేకపోతే తలుపు మార్చేటప్పుడు రేటింగ్ ఉన్నది అడగండి.

అద్దెకి ఉండే స్టూడెంట్స్ ఇవేమీ చెయ్యలేరు, తెలుసు. మీకు పనికొచ్చేది ఒకటే: కిటికీలు లేని, కింది అంతస్తులో, మధ్యలో ఉన్న చిన్న గది ఏదో ఇవాళే చూసి పెట్టుకోండి. బాత్రూమో, బట్టల గదో. మొబైల్ హోమ్‌లో ఉంటే అది ఏ గదీ కాదు, వార్నింగ్ రాగానే బయటపడి దగ్గర్లోని గట్టి భవనానికి వెళ్ళాలి. టోర్నడోల్లో చనిపోయేవాళ్ళలో పెద్ద వాటా అలాంటి ఇళ్ళవాళ్ళదే. సైరన్ మోగాక వెతుక్కునే టైమ్ ఉండదు.

సొంత ఇల్లు, డబ్బు ఉన్నవాళ్ళకి సేఫ్ రూమ్ ఉంది. 1970లో లబక్ అనే టెక్సస్ ఊరిని టోర్నడో కొట్టి 26 మంది చనిపోయాక, అక్కడి టెక్సస్ టెక్ యూనివర్సిటీ వాళ్ళు దీని మీద పడ్డారు. ఇల్లంతా కాపాడలేం, ఒక్క గదిని కాపాడదాం అన్నది ఐడియా. 250 మైళ్ళ గాలికి డిజైన్ చేస్తారు. టెస్ట్ ఎలా చేస్తారంటే, గాలితో పేల్చే ఫిరంగిలో ఏడు కిలోల టూ బై ఫోర్ చెక్క పెట్టి, గంటకి 100 మైళ్ళ వేగంతో ఆ గది తలుపు మీదికి కొడతారు. యూట్యూబ్‌లో వీడియోలు ఉన్నాయి, స్లో మోషన్‌లో చూడండి. మామూలు ఇంటి గోడలోంచి ఆ చెక్క బిస్కట్‌లోంచి వేలు దూరినట్టు దూరిపోతుంది. సేఫ్ రూమ్ తలుపు మీద చిన్న సొట్ట పడుతుంది. మూర్‌లో ప్లాజా టవర్స్ స్కూలు 2014లో మళ్ళీ తెరిచినప్పుడు అందులో అలాంటి షెల్టర్ ఉంది.